క్యానులో అత్తగారు

మే నెల పద్నాలుగో తారీఖు, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకి అత్తగారు కరిగిపోయారు. ఎండాకాలమంతా రోజూ ఆ వేళకి కరిగేవారే కాబట్టి కోడలు కంగారుపడలేదు. కుర్చీ కింద పళ్ళెం సిద్ధంగానే ఉంది. ఆఖరి బొట్టుదాకా ఒడిసిపట్టి స్టీలు క్యానులో పోసింది.

"మెడదాకా పొయ్యకు. గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాను," అన్నారు క్యానులోంచి.

"రోజూ చెప్పాలా అత్తయ్యా?"

"మూత గట్టిగా బిగించు."

దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో ఒంటితీరు ఇస్తాడు. కిందటేడు మూత మరిచిపోతే ఆవిడ ఆవిరై వంటింటి కప్పుకి అంటుకున్నారు. సాయంత్రం చల్లబడి చుక్క చుక్కగా దిగుతూనే, "పైన బూజు ఎంతుందో ఎప్పుడైనా చూశావా?" అన్నారు. ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. ఆవిణ్ణి కొండమీది ఊళ్ళో మరిది ఇంటికి పంపేద్దామని మొగుణ్ణి ఒప్పించింది. అక్కడ ఏడాది పొడుగునా చలే. బస్సు రేపు పొద్దున్నే. సంచీ కూడా సర్దేసింది. పెద్దావిడ "సరేనమ్మా" అన్నారు, అంతే.

కోడలు పనిచేసేది ఐస్ ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం షిఫ్టు. రోజూ క్యాను కోల్డ్‌రూమ్‌లో పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో బోర్లిస్తే అత్తగారు మళ్ళీ మనిషయ్యేవారు. ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవైనా తాళంచెవి తన దగ్గరే ఉంది కాబట్టి ఒక్కతే వెళ్ళింది. తలుపుకి చెక్కముక్క అడ్డం పెట్టడం మరిచిపోయింది. వెనకాల ధడేలుమని మూసుకుంది. లాగితే లోపలి పిడి ఊడి చేతికొచ్చింది. ఒంటిమీద పలచటి నూలు చీర. ఫోను ఇంట్లో. ఎంత అరిచినా వినే నాథుడు లేడు. పావుగంటకి పళ్ళు టకటకలాడసాగాయి.

"పిడి ఊడిన చోట కన్నం ఉందా?" అన్నారు అత్తగారు.

"ఉంది. లోపల గడియ పెట్టె, ఇనపది."

"కింది సందులో గుడ్డ కుక్కి, నన్ను కాస్త అందులో పొయ్యి. ఈసారి అంచుదాకా పొయ్యి."

"అయ్యో! అది పగిలితే మీరు ముక్కలైపోతారు, ఒలికిపోతారు!"

"నోరు మూసుకుని పొయ్యవే. రేపెలాగూ పంపించేస్తున్నావుగా, కాస్త తక్కువగా వెళతాను."

కోడలు ఏడుస్తూనే పోసింది. గోడకి ఆనుకుని కూర్చుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఆ కన్నాన్నే చూసింది. అంచున తెల్లటి పొర కట్టింది. చాలాసేపటికి ఇనుము చిన్నగా మూలిగింది. వేళ్ళు కొయ్యబారి, కళ్ళు మూతలు పడుతుండగా ఠప్పుమని పెట్టె రెండు పెచ్చులై ఊడిపడింది. తలుపు సందులోంచి వేడిగాలి అమ్మ చెయ్యిలా మొహానికి తగిలింది.

ఆమె బయటికి పరిగెత్తలేదు. మోకాళ్ళ మీద పడి, మంచు పలుకులు ఏరి ఏరి క్యానులో వేసుకుంది.

మర్నాడు పొద్దున్న చూస్తే అత్తగారి ఎడమచేతికి చిటికెనవేలు లేదు.

"బస్సుకి వేళైంది," అంటూ మొగుడు సంచీ అందుకున్నాడు. కోడలు దాన్ని లాక్కుని, చీరలు తీసి బీరువాలో పెట్టేసింది. తను తాగబోతున్న గ్లాసులోంచి గుక్కెడు నీళ్ళు అత్తగారి చేతిలో పోసింది. మొగుడూ తన గ్లాసులోంచి గుక్కెడు పోశాడు. ఆ నీళ్ళు నెమ్మదిగా వేలై పేరుకున్నాయి. కాస్త లావుగా, కొరికిన గోరుతో, అచ్చం కోడలి వేలే.

అత్తగారు దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. "గోళ్ళు కొరికే అలవాటు కూడా వచ్చిందేమిటి ఖర్మ!"

కోడలు నవ్వుతూ చీపురు తీసుకుని, బూజు దులపడానికి వంటింట్లో స్టూలెక్కింది. అది ఊగకుండా అత్తగారు గట్టిగా పట్టుకున్నారు, పదివేళ్ళతోనూ.