ఎత్తులో పెట్టండి

టప్…

చాలాసేపటికి మళ్లీ — టప్.

ప్లాస్టిక్ గ్లాసు అడుగున సూదితో పొడిచిన చిల్లు. అందులోంచి ఒక నీటిబొట్టు ఊరి, వేలాడి, ఆకు మీద పడుతుంది. ఆకు కొస దాకా జారుతుంది. అక్కడ ఆగి వణుకుతుంది. తర్వాత కింది ఆకు మీదికి.

ఆ చప్పుడు మధ్యనే మా అత్తాకోడళ్ల పోట్లాట.

పోట్లాట ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు గురించి.

నేను స్టూలు మీద స్టూలు దూర్చి, వాటి మీద పంజరం నిలబెట్టి, పొయ్యి మీది గంజి దించి వచ్చేసరికి కింద ఒక స్టూలే ఉంది. రెండోదాని మీద అత్తయ్య కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పంజరం ఎలా ఎత్తిందో, స్టూలు ఎలా లాగిందో. లోపల ఒక్క ఆకు రాలలేదు.

"అది కావాలత్తయ్యా."

"నాకూ కావాలి. మోకాళ్లు నావి."

"వంటింట్లో ఇంకో నాలుగున్నాయి కదా."

"వాటి మీద నువ్వు కూర్చో."

అసలు సంగతి మోకాళ్లు కాదు.

ఆ గదిలో గోడవార పూజాబల్ల ఉంది. బల్ల మీద చెక్కపెట్టె. పెట్టెలో మా ఇంటి పెద్దల పేరుపలకలు — వేలి వెడల్పు చెక్కలు, ఒకదాని వెనక ఒకటి. ఒక స్టూలు మీద ఉంటే పంజరం ఆ పెట్టెతో సమానంగా ఉంటుంది. రెండోది దూరిస్తే నాలుగు వేళ్లు పైకి వస్తుంది.

నాలుగు వేళ్లే.

"మీ మామగారి నెత్తిన బల్లిని కూర్చోబెడతావా?" అంది అత్తయ్య, బీన్స్ వైపే చూస్తూ.

బల్లి కాదు. ఊసరవెల్లి.

ఇంకో గదిలో పెడదామంటే వెలుతురు లేదు. మా లుకాంగ్ ఊళ్లో పాత సందుల ఇళ్లన్నీ ఇంతే — వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ఆకాశం కనబడే నడవా ఒక్కటే. ఆ నడవా పక్క గది ఇదొక్కటే.

చచ్చినవాళ్లకీ దానికీ ఒకే వెలుతురు.

*

అది మా వదినది. నా భర్త బున్-హోకి అక్క, సూ-యిన్. తైపేలో ఒక్కతే ఉండేది. ముప్ఫై తొమ్మిదేళ్లు. మూడో నెలలో పోయింది. వారం రోజుల జ్వరం… అంతే.

ఊసరవెల్లిని ఆమె స్నేహితురాలు ఇన్నాళ్లూ చూసింది. ఇక కుదరదంది. బున్-హో వెళ్లి తెచ్చాడు, వ్యాను వెనక, పాత దుప్పటి కప్పి. ఏడో నెల మొదటి వారంలో. ఏడో నెల చచ్చినవాళ్లు తిరిగొచ్చే నెల, కొత్త ప్రాణిని గడప దాటించకూడదు. అత్తయ్య గడపకి అడ్డంగా చాలాసేపు నిలబడింది. తర్వాత తప్పుకుంది.

పంజరం వెనక ఒక కాగితం అంటించి ఉంది. ఎప్పుడో ఊరెళ్తూ, చూసుకునేవాళ్ల కోసం వదిన రాసింది. గుండ్రటి అక్షరాలు.

సూటిగా చూడొద్దు. తనని చూసేవన్నీ తనని తినేవే అనుకుంటుంది.

మూడు వైపులా గుడ్డ కప్పండి.

గిన్నెలో నీళ్లు పెట్టొద్దు. కదలని నీళ్లు దానికి కనబడవు.

ఎత్తులో పెట్టండి. కిందుంటే ప్రతి నీడా దానికి గద్దే.

నేలకి దిగిందంటే ఆలస్యం చేయొద్దు.

రాసినవి రాసినట్టు చేశాను. దుప్పటి చింపి మూడు వైపులా కట్టాను. గ్లాసుకి చిల్లు పొడిచాను. పొద్దునా సాయంత్రం ఆకులన్నీ తడిసేలా నీళ్లు చల్లాను, మొహం పక్కకి తిప్పుకుని. దాని మేతకని తెచ్చిన కీచురాళ్లకి క్యారెట్ తురిమి పెట్టాను.

ఒక్కటి తప్ప అన్నీ చేశాను.

*

ఉదయం ఆరింటికి — టిక్.

పంజరం మీది దీపం దానంతటదే వెలుగుతుంది. వదిన పెట్టిన వేళ అది. చిన్న తెల్ల డబ్బా, మధ్యలో తిరిగే చక్రం. ఆమె వేళ్లు ఆ చక్రాన్ని ఆరు దగ్గర ఆపాయి. అది ఇంకా ఆరు దగ్గరే ఆగుతుంది.

మొదటి రోజు ఉలిక్కిపడ్డాను. ఎవరో లోపలికొచ్చి స్విచ్ వేసినట్టే ఉంది.

సాయంత్రం ఆరింటికి మళ్లీ టిక్. వచ్చినవాళ్లు వెళ్లిపోయినట్టు.

పన్నెండు గంటలు ఆమె వెలుతురులో ఉంటున్నాం. ఆ వెలుతురులో నేను చిలగడదుంపలు చెక్కు తీస్తాను. మా అమ్మాయి యీ-ఆన్ జడ వేసుకుంటుంది. అత్తయ్య పెట్టె ముందు మూడు చిన్న కప్పుల్లో టీ పోస్తుంది. టీ కదలదు. చచ్చినవాళ్లు కదలనివే తాగుతారు.

ఊసరవెల్లి మాత్రం కదిలేవే తాగాలి. తాగడం లేదు.

ఆకు కొసన బొట్టు వణుకుతుంది. అది చూడదు.

దాని కళ్లు రెండూ రెండు దిక్కులు. చిన్న గోపురాల్లాంటి రెప్పలు, కొసన ఆవగింజంత కంత. ఒక గోపురం నా వైపు తిరుగుతుంది. రెండోది పెట్టె వైపు.

నేను వంటింటి వైపు నడిస్తే నా మీదున్న కన్ను నాతో వస్తుంది.

పెట్టె మీదున్న కన్ను కదలదు.

*

చెప్పనేలేదు కదూ. వదిన ఆ పెట్టెలో లేదు.

పెళ్లికాని ఆడపిల్ల పేరు పుట్టింటి పెట్టెలోకి రాదు. పెళ్లయితే మొగుడింటి పెట్టె. కాకపోతే ఏ పెట్టే లేదు. ఊరి బయట సన్యాసినుల గుడిలో ఒక గది ఉంది. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా ఇలాంటి ఆడపిల్లలే. పోయిన నలభై తొమ్మిదో రోజున సూ-యిన్ పలకని అక్కడ పెట్టి వచ్చాం. కింద నుంచి రెండో అర. నా మోకాలి ఎత్తు.

మామగారి అన్నయ్య, ఇంటికి పెద్ద, "పద్ధతి పద్ధతే" అన్నాడు. అత్తయ్య తల ఊపింది. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

అప్పటి నుంచీ ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ సూటిగా చూడటం లేదు.

*

ఊసరవెల్లి వచ్చిన ఎనిమిదో రోజు.

దాని ఆకుపచ్చ మాసింది. పక్కల మీది పసుపు చారలు మట్టిరంగుకి దిగాయి. రెట్ట కొస తెల్లగా ఉంటే నీళ్లు తాగినట్టు, నారింజ రంగులో ఉంటే దాహం — స్నేహితురాలు ఫోనులో చెప్పింది. కాగితం మీద పట్టి చూశాను. నారింజ రంగు.

కంటి గోపురాలు లోపలికి కుంగాయి.

అడుగు వేయబోతుంది. చెయ్యి గాలిలోనే ఆగుతుంది. రెండు వేళ్లొకవైపు, మూడొకవైపు, పటకారులా తెరుచుకుని. గాలి లేదు. అయినా ఆకులా ఊగుతుంది. ముందుకి… వెనక్కి… ముందుకి…

పట్టుకోవాల్సిన కొమ్మ ఎదురుగానే ఉంది. పట్టుకోదు. తనకంటే పైన ఇంకేదో ఉన్నట్టు ఆగిపోతుంది.

పక్క గదిలో అత్తయ్య మంచం అంచున కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. ముందుకి… వెనక్కి…

"స్టూలు వేస్తానత్తయ్యా. నాలుగు వేళ్లే కదా."

"నాలుగు వేళ్లా, నాలుగు మూరలా అని కాదు లియెన్. పైన పైనే."

*

మా ఊళ్లో ఏడో నెలలో దిక్కులేని ఆత్మలకి అన్నం పెట్టడం రోజుకో వాడ వంతు. మా సందు వంతు వచ్చింది.

మధ్యాహ్నం వాకిట్లో బల్ల వేశాం. ఉడికించిన కోడి, చేప, నూడుల్స్ పొట్లాలు, బిస్కెట్లు, బియ్యపు సారా. కింద ఇత్తడి పళ్లెంలో నీళ్లు, కొత్త తువ్వాలు. దిక్కులేనివాళ్లు దూరం నుంచి వస్తారు కదా, మొహం కడుక్కోవాలి. వాళ్లని దయ్యాలనం. మంచి అన్నదమ్ములు అంటాం.

సందు పొడుగునా బల్లలే. సందు పొడుగునా పొగ. ఎండ కూడా బూడిదరంగులో ఉంది.

అత్తయ్య లోపలికెళ్లి మరో పళ్లెం తెచ్చింది. చిన్నది. బల్లకి ఎడంగా, గోడవార పెట్టింది. దాని పక్కన ఒక గిన్నె. చేమదుంపల పాయసం. మా ఇంట్లో అది తినే మనిషి ఒక్కతే ఉండేది.

యీ-ఆన్‌కి పదమూడేళ్లు. దాని నోటికి తాళం లేదు.

"అది ఎవరికి నానమ్మా?"

"ఎవరికైనా. గుంపులో అందనివాళ్లకి."

"అందరూ అన్నదమ్ములే వస్తారా? అక్కచెల్లెళ్లు రారా?"

అత్తయ్య అగరొత్తులు వెలిగిస్తోంది. అగ్గిపుల్ల వేలి దాకా కాలింది.

"నేనూ పెళ్లి చేసుకోననుకో. నాకూ ఇలా బయటే పెడతారా?"

"నోర్ముయ్" అన్నాను నేను.

"ముయ్యడానికేముంది? ముందే చెప్తున్నా. చేమదుంపలు నేను తినను. నాకు నూడుల్స్ పెట్టండి."

నవ్వుతూనే అంది. ఎవరూ నవ్వలేదు. పొగ మా మధ్యలోంచి మెల్లగా ఇంట్లోకి పోయింది… తలుపు తీసే ఉంది కదా.

పొగ వెనకే నా చూపు కూడా పోయింది.

పంజరం కొమ్మల మీద ఏమీ లేదు.

*

అది నేల మీద ఉంది.

పంజరం అడుగున, కుండీ పక్కన. నల్లగా. పొయ్యిలోంచి తీసిన కట్టెముక్కలా. ఒక కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న కన్ను వాకిలి వైపు. బల్ల వైపు కూడా కాదు. బల్లకి ఎడంగా, గోడవార.

"అత్తయ్యా."

గట్టిగా పిలవలేదు. అయినా ఆవిడ వచ్చింది, చేతిలో అగరొత్తులతోనే. చూసింది. వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది.

కాగితంలో ఏముందో ఆవిడకి తెలుసని అప్పుడర్థమైంది. ఆవిడకి చదువు రాదు. యీ-ఆన్ చేత చదివించుకుని ఉంటుంది, నేను ఇంట్లో లేనప్పుడు. ఒక్కసారి కాదేమో… చాలాసార్లు.

"స్టూలు తే" అంది గోడతో.

"పెట్టె కన్నా పైకి వస్తుందత్తయ్యా."

"కళ్లున్నాయి నాకు. వంటింట్లో ఉన్నవన్నీ తే."

అన్నీ తెచ్చాను. ఒకదాని మీద ఒకటి దూర్చాను. ఆరు. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. పంజరం లేచింది. పెట్టెని దాటింది. నా తలని దాటింది. అత్తయ్య పెదాలు కదులుతున్నాయి. ఎవరికో నచ్చజెబుతున్నట్టు. ఎవర్నో తిడుతున్నట్టు కూడా.

అగరొత్తుల బూడిద మా ఇద్దరి చేతుల మీదా రాలింది.

నేను వల తలుపు తీసి, మొహం తిప్పుకుని, దాని ముందు ఒక కొమ్మ పెట్టాను. ఎంతసేపో తెలీదు. వేళ్లకి బరువు తగిలింది. చల్లగా, మెల్లగా, ఒక చెయ్యి. తర్వాత ఇంకో చెయ్యి. కొమ్మని అన్నిటికన్నా పై ఆకుల్లోకి జరిపాను.

టప్.

ఆకు కొసన బొట్టు వేలాడింది. వణికింది. దాని నీడ గోడ మీద కొద్దిగా కదిలింది.

తర్వాత బొట్టు లేదు.

జారిపోయిందో… తాగిందో…

ఇద్దరం ఎదురుగానే ఉన్నాం. ఇద్దరం గోడనే చూస్తున్నాం.

*

వాకిట్లో అగరొత్తులు ఆరిపోయాక బల్ల మీదవన్నీ లోపలికి తెచ్చాం. వాళ్లు తిన్నాక మిగిలింది మనం తినాలి. కోడిని ముక్కలు కొట్టి అల్లంతో వేయించాను. చేపని వేడి చేశాను. నలుగురం కూర్చున్నాం.

గోడవార పెట్టిన గిన్నె కూడా తెచ్చాను. పాయసం మీద పల్చటి పొర కట్టింది. పొర మధ్యలో చిన్న చీలిక. గాలికి కావచ్చు. అత్తయ్య ఆ గిన్నె తన ముందుకి లాక్కుంది. ఆవిడకి చేమదుంప పడదు. ఒక చెంచా తింది. ఇంకో చెంచా.

"ఎనిమిదో నెల మొదటి రోజున సూ-యిన్ ఇంటికొస్తుంది" అంది.

బున్-హో చాప్‌స్టిక్స్ గాలిలో ఆగాయి.

"గుడి నుంచి తెచ్చేద్దాం. కొత్త పలక చేయించు. మీ నాన్నది చేసిన వడ్రంగి దగ్గరే."

"పెదనాన్న ఒప్పుకోడమ్మా."

"రమ్మను. ఇక్కడ కూర్చుని, నా మొహం చూసి చెప్పమను. అన్నం నేనే వడ్డిస్తా."

బున్-హో తల్లి మొహంలోకి చూశాడు. నెలల తర్వాత… సూటిగా.

"నాన్నని అడగాలి కదా."

పెద్దల్ని అడగడానికి మా ఇళ్లలో రెండు నెలవంక చెక్కలుంటాయి. పెట్టె ముందు విసురుతాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే, పైన ఉన్నవాళ్లు నవ్వుతున్నారని.

"పొద్దున్నే అడిగాను, మీరెవరూ లేవకముందు. మూడుసార్లు వేశాను." అత్తయ్య చెంచా గిన్నెలో పెట్టింది. "మూడుసార్లూ నవ్వాడు."

"అంటే… అవుననలేదు."

"కాదనీ అనలేదు. బస్సులో సూ-యిన్‌కి చోటు లేకపోతే మీ నాన్న ఏం చేసేవాడు? నోరు తెరిచి ఒక్క మాటనేవాడా? నవ్వేవాడు. నవ్వి ఇంత పక్కకి జరిగేవాడు."

యీ-ఆన్ నమలడం ఆపి నానమ్మనే చూస్తోంది.

"నవ్వుతున్న మనిషిని ఇంకెన్నిసార్లు అడుగుతాం," అంది అత్తయ్య, గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంటూ. "జరగమని చెప్పి వచ్చాను."