ఎదురు కిటికీ కాఫీ

పొద్దున్న ఆరున్నరకి గుండీలక్క కాఫీ మెషీను బుస్సుమంటే, మెట్ల మీద పడుకున్న పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుంటుంది. ఆ మూడంతస్తుల ఇంట్లో అందరికీ అదే గడియారం. కింద వీధివైపు ఒంటిగది కొట్టు ఆమెది. చిరిగిన జేబులు, పొడుగైన ప్యాంట్లు, ఊడిన గుండీలు అక్కడికే వస్తాయి. గోడ నిండా గాజు సీసాల్లో గుండీలు. ఏ చొక్కా తెచ్చినా మిగిలిన గుండీని వేలితో ఒకసారి తడిమి, దాని జత ఏ సీసాలో ఉందో తల తిప్పకుండానే చెప్పేస్తుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.

ఇల్లు ఆ పైనే. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో ఎప్పుడూ ఇస్త్రీ బట్టలు కూర్చుని ఉంటాయి.

ఆ వీధిలో కప్పుల సంగతి అందరికీ తెలిసిందే. నురగ సరిగ్గా కుదిరిందా, కప్పు బల్ల మీంచి మెల్లగా లేచి కిటికీలోంచి బయటికెళ్తుంది. కాఫీ కలిపినవాళ్ళు ఎవర్ని తలుచుకుంటూ కలిపారో వాళ్ళ దగ్గరికి పోయి ఆగుతుంది. అందుకని ఎవరూ కిటికీ పై రెక్కలు మూయరు. నురగ బతికున్నంతసేపే ఆ ప్రయాణం. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. అవతలివాళ్ళు ముట్టుకోకపోతే మిగిలిన నురగతోనే వెనక్కి వచ్చేస్తుంది. తాగితే మాత్రం ఖాళీ కప్పు ఎగరదు కాబట్టి, తాగినవాళ్ళే చేత్తో పట్టుకొచ్చి ఇవ్వాలి. ఆ వీధిలో ఒకరింటికి ఒకరు వెళ్ళడానికి సగం కారణాలు ఖాళీ కప్పులే.

చిక్కులూ లేకపోలేదు. పై అంతస్తు లెక్కల మాస్టారు ఒకరోజు భార్య కోసమని కలిపిన కాఫీ, ఆవిడ ముక్కు పక్కనుంచే వెళ్ళి మూలింటి సంగీతం టీచరు కిటికీ దగ్గర ఆగింది. మర్నాటి నుంచి ఆయన టీకి మారాడు. టీకి నురగ రాదు, గుట్టు బయటపడదు.

గుండీలక్క కాఫీ మాత్రం ఆరేళ్ళుగా ఒక్క చోటికే వెళ్తోంది. ఎదురింటి మూడో అంతస్తులో ఆకుపచ్చ కిటికీకి. అక్కడ ఉండేది ఆమె చెల్లెలు, లైబ్రరీలో పనిచేస్తుంది. ఆ కాఫీ మెషీను ఒకప్పుడు ఇద్దరూ కలిసి కొన్నదే. పింగాణీ కప్పుల జత కూడా.

వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు చెల్లెలు ఉద్యోగం పని మీద నెల్లాళ్ళు వేరే ఊళ్ళో ఉంది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. బస్సు దొరకలేదో, సెలవు దొరకలేదో, అక్క అడగలేదు. నెల్లాళ్ళు ఒంటిచేత్తో చాకిరీ చేసి, నిద్ర లేని కళ్ళతో, నలుగురి ముందూ గుమ్మంలోనే నిలబెట్టి, "చుట్టపుచూపుగా వచ్చావా తల్లీ? కూర్చో, కాఫీ ఇస్తా" అంది. చెల్లెలు కూర్చోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

రెండు నెలలకి మొదటి కప్పు వెళ్ళింది. అక్క పంపలేదు, తన కోసమే కలుపుకుంది. చెయ్యి పాలగిన్నె మీద ఉంది గానీ మనసు ఎదురింటి మీద ఉంది. కప్పు తిరిగి రాలేదు. అంటే చెల్లెలు తాగింది! ఆ సాయంత్రం గుండీలక్క కొట్టు తొందరగా కట్టేసి, రెండో కుర్చీలో బట్టలు తీసి మంచం మీద పడేసి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు. మూడోరోజు పొద్దున్న కప్పు కడిగి గుమ్మం ముందు పెట్టి ఉంది. తలుపు తట్టిన చప్పుడైనా లేదు.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతి కప్పూ నిండుగానే వెనక్కి వచ్చింది. గుండీలక్క ఆ చల్లారిన కాఫీనే తాగి కొట్టు తెరిచేది. ఆరేళ్ళలో ఆమె వేడి కాఫీ తాగిన రోజు లేదు.

ఒక సోమవారం తలనొప్పి మాత్ర కోసం మందుల షాపుకి వెళ్ళింది. ఆ షాపాయన నోట్లో నువ్వుగింజ నానదు.

"శనివారం మీ చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తోందటగా! బదిలీ అట, మూడు గంటల ప్రయాణమట. దద్దుర్ల మాత్రలు ఆర్నెల్లకి సరిపడా పట్టుకెళ్ళింది."

గుండీలక్క లెక్కపెడుతున్న చిల్లర లెక్క తప్పింది. పైకి మాత్రం, "దద్దుర్లేంటి?" అంది.

"పాలు పడవు కదండీ ఆవిడకి. ఒక్క చుక్క గొంతులో పడితే చాలు, మొహమంతా ఉబ్బిపోతుంది. ఆరేళ్ళ నుంచీ ఇదే గొడవ. సొంత అక్క, మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు?" అంది గుండీలక్క.

మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి బట్టల కుర్చీ పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. రోజూ పాల కాఫీ, అదీ చిక్కటి పాలతో. చెల్లెలు కోపంతో తిప్పికొడుతోందనుకుంది తను. తెలిసే పంపుతున్నానని చెల్లెలు అనుకుని ఉంటుంది. ఆ ఊహకి ఆమెకి ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

శనివారం లోపల ఒక్క కప్పు, పాలు లేని కప్పు, అవతలికి వెళ్ళాలి. మూడు గంటల దూరానికి ఏ నురగా ఆగదు.

మంగళవారం ఒట్టి బాదం గింజలు రుబ్బి తీసిన పాలు తెచ్చింది. నురగ సబ్బు బుడగల్లా లేచింది. కప్పు రెండంగుళాలు పైకి వచ్చి, కుర్చీలోంచి లేవబోయి మానుకున్న ముసలాయనలా మళ్ళీ కూలబడింది. బియ్యం పాలు నీళ్ళకి ఎక్కువ, గంజికి తక్కువ. కప్పు కదలనైనా లేదు. బుధవారం తనే ఓట్స్ నానబెట్టి రుబ్బి, కోటు లైనింగు గుడ్డలో వడకట్టింది. ఆవిరి గొట్టం పెట్టగానే అది జిగురైపోయింది. కాలర్లు అతికించుకోవచ్చు గానీ తాగలేం. సోయా పాలు తెస్తే, పొగలు కక్కే కాఫీలో పొయ్యగానే విరిగి తరకలు తరకలుగా తేలాయి. ఆ డబ్బాని విసురుగా పక్కకి తోసేసింది.

గురువారం కొబ్బరి పాలు. నురగ మెత్తగా, తెల్లగా వచ్చింది. కప్పు లేచింది. కానీ గిన్నెలోంచి వచ్చిన ఆ వాసన అమ్మ జడ వాసన. చిన్నప్పుడు ఇద్దరూ ఆ జడకి చెరోవైపు పడుకునేవాళ్ళు. ఒక్క క్షణం మనసు అటు పోయింది. కప్పు కిటికీ దాటి, ఆకుపచ్చ కిటికీ వైపు తిరగకుండా, నిట్టనిలువునా పైకి వెళ్ళింది. కరెంటు తీగలు దాటింది, మేడలు దాటింది, గుండీ అంత అయింది, కనబడకుండా పోయింది. ఆ కప్పు ఇంక రాలేదు. జతలో ఒకటే మిగిలింది.

అదే రోజు లెక్కల మాస్టారు చొక్కా గుండీ కోసం కొట్టుకి దిగాడు.

"అమ్మాయ్, ఊళ్ళో ఉన్న గింజలన్నీ పిండేస్తున్నావు. రోడ్డు దాటి వెళ్తే పోలా?"

"మొన్న వెళ్ళాను మాస్టారూ, వాళ్ళ మెట్ల దాకా. ఎందుకొచ్చావు అంటే ఏం చెప్పాలో తెలీక వెనక్కొచ్చేశా. కప్పైతే ఏమీ చెప్పక్కర్లేదు కదా."

"అంతమాటనకు. కప్పు అన్నీ చెప్పేస్తుంది. నన్నడుగు" అని మాస్టారు గుండీ కుట్టించుకుని వెళ్ళిపోయాడు.

శనివారం ఎనిమిదింటికే వ్యాను వచ్చింది. గుండీలక్క దగ్గర మిగిలింది సోయా డబ్బా ఒక్కటే. విరుగుతుందని తెలుసు. అయినా అలవాటుగా మెషీను పెట్టింది, కాఫీ దిగింది. కిటికీలోంచి చూస్తే చుట్టిన పరుపు దిగుతోంది. పుస్తకాల పెట్టెలు ఒకటీ, రెండూ, ఏడు. అమ్మ కుట్టు మిషను కూడా దిగింది. అది చెల్లెలు తీసుకెళ్ళిందనే సంగతే మర్చిపోయింది తను. చూస్తూ చూస్తూ నిలబడేసరికి కాఫీ పొగలు పోయి గోరువెచ్చనైంది. సోయా పాలకి ఆవిరి పెట్టింది గానీ, చూపు వీధి మీదే ఉండడంతో అవి బాగా కాగకముందే తీసేసింది. కప్పులో పోసింది.

విరగలేదు. నురగ చిక్కగా, నున్నగా అంచు దాకా నిలబడింది. కప్పు లేచింది.

ఆకుపచ్చ కిటికీ అప్పటికే బోసిగా ఉంది. చెల్లెలు కింద వ్యాను పక్కన, చేతిలో గోడగడియారంతో నిలబడి ఉంది. కప్పు గాల్లో ఒకసారి తటపటాయించి కిందికి దిగింది. అద్దం మోసుకొస్తున్న కూలీలు ఇద్దరూ ఆగి దానికి దారిచ్చారు. అది చెల్లెలి మొహం ముందు ఆగింది. గుండీలక్క చటుక్కున కర్టెను వెనక్కి నక్కింది. మళ్ళీ తొంగి చూసే ధైర్యం వచ్చేసరికి వీధిలో వ్యాను లేదు, చెల్లెలు లేదు, కప్పు లేదు.

పన్నెండు నిమిషాలు చూసింది. తర్వాత కిందికి దిగి రోడ్డంతా వెతికింది. పెంకు ముక్క కూడా దొరకలేదు.

ఎదురింట్లో కొత్తవాళ్ళు దిగి నీలం కర్టెను వేశారు. గుండీలక్క స్టీలు గ్లాసులో నురగ లేని కాఫీ పోసుకుని అక్కడికక్కడే తాగుతోంది. ఆరేళ్ళ తర్వాత వేడి కాఫీ. నాలుక కాలడమే గానీ రుచి తెలియడం లేదు. కిటికీ పై రెక్క మూసేద్దామా అని రెండుసార్లు చెయ్యి పెట్టి తీసేసింది.

నాలుగో ఆదివారం ఎవరో తలుపు తట్టారు. చొక్కా కోసమేమోనని, "ఇవాళ కొట్టు సెలవు" అంటూ తీసింది.

చెల్లెలు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. భుజాన సంచి, చేతిలో కప్పు.

"కప్పు ఇచ్చిపోదామని వచ్చా" అంది.

గుండీలక్క కప్పులోకి తొంగి చూసింది. "తాగావా?" అంది.

"పాల వాసన లేదు, చిక్కుడు గింజల వాసనొచ్చింది. అప్పుడు తెలిసింది, నీకెవరో చెప్పారని." చెల్లెలు కప్పు వైపు చూస్తూ మాట్లాడుతోంది. "మొదటిసారి వచ్చింది కూడా తాగానక్కా. అప్పటికి నాకూ తెలీదు పాలు పడడం లేదని. రెండ్రోజులు ఆస్పత్రిలో ఉన్నా. మొహం ఉబ్బిపోయి, ఆ మొహంతో నీ ముందుకి రాలేక కప్పు గుమ్మంలో పెట్టి పోయా."

"తలుపు తట్టచ్చుగా!"

"నువ్వు రోడ్డు దాటి రావచ్చుగా!"

కింద పిల్లి అరిచింది.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందే" అంది గుండీలక్క. "అమ్మ పోయిన బాధ నీ మీద తీర్చుకున్నాను."

"ఇప్పుడైతే నిజంగానే చుట్టపుచూపుగా వచ్చా. ఆరింటికి బస్సు." చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గుమ్మంలోనే నిలబెడతావా, కాఫీ ఇస్తావా?"

గుండీలక్క బట్టలు తీసి మంచం మీద పడేసి రెండో కుర్చీ ఖాళీ చేసింది. సోయా పాలు తీసింది. ఈసారి తొందరపడలేదు, కాఫీ కాస్త చల్లారేదాకా ఆగింది. నురగ అంచు దాకా వచ్చింది. కప్పు బల్ల మీద పెట్టి ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది కదల్లేదు. వెళ్ళాల్సిన చోటు ఇంకెక్కడా లేదు దానికి.

అయిదున్నరకి చెల్లెలు లేస్తుంటే, గుండీలక్క ఖాళీ కప్పుని పాత చొక్కా గుడ్డలో చుట్టి ఆమె సంచిలో దోపింది.

"ఇదెందుకక్కా?"

"వచ్చే నెల తెచ్చివ్వు."