కొండమీది నార్మల్

కొలరాడోలో, పదివేల అడుగుల ఎత్తున ఉన్న లెడ్‌విల్‌లో మనుషుల థైరాయిడ్ ఎంత అయోడిన్ పీలిస్తే నార్మల్ అనాలో తేల్చడానికి డాక్టర్ నరసింహం 2008లో ఒక స్టడీ మొదలుపెట్టాడు. ఆయన దగ్గర టెక్నీషియన్ని నేను. జబ్బు లేనివాళ్లు ముప్పైమందికి కాస్త రేడియేషన్ ఉన్న అయోడిన్ గుళిక మింగించి, మర్నాడు మెడ దగ్గర మెషీన్ పెట్టి, ఎంత శాతం పీల్చిందో రాశాను. ఆయన చేతికి వెళ్లేవి నంబర్లే, పేర్లుండవు.

పుస్తకంలో నార్మల్‌కి హద్దు ముప్పై శాతం; అది దాటిన ఏడుగురినీ ఆయన లిస్టులోంచి కొట్టేశాడు. మిగిలినవాళ్లను చూపించి, కొండమీద కూడా పుస్తకంలో ఉన్నట్టే ఉందన్నాడు. నాకు ఒళ్లు మండింది. జవాబు ముందే రాసి పెట్టుకున్నవాడికి ముప్పై మెడలెందుకు?

అక్కడితో ఆగితే నోరు మూసుకునేదాన్నేమో. అందరికంటే ఎక్కువగా నలభై ఆరు వచ్చిన మనిషిని నాచేత పిలిపించాడు. మా తెలుగు చర్చిలో పాటలు పాడే జోసఫిన్. మెట్లెక్కితే గుండెదడ అని చెప్పింది. ఈ ఊళ్లో ఎవరికి రాదు గుండెదడ? థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని, గ్రంథిని కాల్చేసే పెద్ద అయోడిన్ డోసు సోమవారానికి రాసేశాడు. అది మింగితే ఇక బతికినన్నాళ్లూ రోజూ మాత్రే.

జోసఫిన్ నా దగ్గరకొచ్చి ఏడ్చింది. "టెస్టుకి ముందు చేపలు మానేయమన్నారు, మానేశానక్కా. ఇంకేం తిన్నాను నేను?"

తిండి మాట వినగానే నాకు ఉప్పు గుర్తొచ్చింది. ఆ ఏడుగురూ మా చర్చివాళ్లే. అయోడిన్ ఉప్పు వేస్తే ఆవకాయ పాడవుతుందని, ఇండియా వెళ్లినప్పుడల్లా చినగంజాం కల్లుప్పు సూట్‌కేసులో తెచ్చి ఇంటింటికీ పంచేది నేనే. అందరూ కూరల్లోకీ అదే వేస్తున్నారు. తిండిలో అయోడిన్ చాలని గ్రంథి, దొరికినదంతా ఆబగా లాక్కుంటుంది. అది చదివి పాసైన నాకే తట్టలేదు. ఆయనమీద ఎంత కోపమో, నామీద అంతకు రెట్టింపు వచ్చింది.

తిన్నగా ఆయన గదికి వెళ్లాను.

"డాక్టర్‌గారూ, జోసఫిన్ బ్లడ్ రిపోర్ట్ నార్మలే. ఆవిడ వాడే ఉప్పులో అయోడిన్ లేదు. డోస్ క్యాన్సిల్ చేయండి."

"జబ్బు బ్లడ్‌లో తర్వాత కనబడుతుంది వసంతా. నేను కొట్టేసినవాళ్లంతా పేషెంట్లే. ఒక్కొక్కర్నీ పిలుస్తాను. నువ్వు మెషీన్ చూసుకో, డయాగ్నోసిస్ నాకొదిలెయ్," అన్నాడు, తలెత్తకుండా.

నంబర్ల కాగితం ఆయన ముందుకు తోసి, కొట్టేసిన ఒక వరుసమీద వేలు పెట్టాను. పంతొమ్మిదో మనిషి, నలభై రెండు శాతం.

"ఇది నేనండి. ఆరేళ్లుగా మీ పక్కనే పనిచేస్తున్నాను. నాకేం జబ్బుందో చెప్పండి. సోమవారం డోసు ముందు నాకివ్వండి, తర్వాత జోసఫిన్‌కి ఇద్దురుగాని."

ఆయన తలెత్తి నా మెడవైపు చూశాడు. ఫోన్ తీసి సోమవారం డోసు క్యాన్సిల్ చేయించాడు.

"మీరంతా ఏ ఉప్పు వాడతారో మళ్లీ చెప్పు," అన్నాడు.

మొదటిరోజే ముప్పైమందినీ అడగాల్సిన మాట అది. చెప్పాను, కానీ కూర్చోమంటే కూర్చోలేదు.