వినేవాళ్ళ కుర్చీ

"మీ నాటకశాలకి వందేళ్ళొస్తే మనింట్లో పొయ్యి ఆరిపోవాలా?" అన్నారు మా ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్న మాటలకే నేనెప్పుడూ జవాబు చెప్పలేకపోయాను. చెబితే సరదా తెలియని మనిషినైపోతాను. బీన్స్ ఈనెలు తీసుకుంటూ పోయాను. శనివారం సాయంత్రం వందేళ్ళ ఉత్సవం మొదలు. ఆ సాయంత్రమే వాళ్ళ అక్క, బావగారు భోజనానికి వస్తున్నారని అప్పుడే చెప్పారు. "నువ్వెలాగూ సగంలో వచ్చేస్తావుగా" అని కూడా అన్నారు.

నిజమే. నాకు నాటకాలన్నీ సగమే తెలుసు. నగరపాలక సంస్థ వాళ్ళ ఆ పాత నాటకశాలలో ఉద్యోగానికి చేరినప్పటి నుంచీ విరామం గంట కొట్టగానే బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కడం నాకు అలవాటు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు వాళ్ళ కోసం, వాళ్ళు చదువులకని వెళ్ళిపోయాక అత్తగారి భోజనం కోసం, మాత్రల కోసం. మిగతా సగం నేనే కల్పించుకునేదాన్ని. కుళాయి కింద గిన్నెలు తోముతుంటే నీళ్ళ చప్పుడులో వంటగది గోడ మెల్లగా వెనక్కి జరిగి, అక్కడ దీపాలు వెలిగేవి. మా ఇంటి సింకు దగ్గర ఎంతమంది రాజులకో రాజ్యాలు తిరిగొచ్చాయి. తప్పిపోయిన కూతుళ్ళు తల్లుల్ని కలుసుకున్నారు. "ఆ నీళ్ళు కట్టెయ్యమ్మాయ్, ట్యాంకు ఖాళీ అవుతుంది" అని అత్తగారు కేకేస్తే తెర పడేది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడింది పడవ నాటకం. నాటకశాల తలుపులు తెరిచిన మొదటిరోజు ఆడింది అదేనట. అందుకని ప్రతి వార్షికోత్సవానికీ అదే. ఒకావిడ ఇల్లు వదిలి ఏటి దగ్గరికొచ్చి పడవెక్కుతుంది. పడవవాడు తెడ్డు చేతబట్టి, "ఏ ఒడ్డుకమ్మా?" అని అడుగుతాడు. అంతే, విరామం. నేను బస్టాపులో ఉంటాను. ఆవిడ జవాబు నేనెన్ని రకాలుగా చెప్పానో. ఒళ్ళు హూనమైన రోజు ఆవిణ్ణి పుట్టింటి ఒడ్డున దించేదాన్ని. మా ఆయన బాగా మాట్లాడిన రోజు మొగుడింటి ఒడ్డుకే తిప్పి పంపేదాన్ని. ఏ ఒడ్డున దించినా ఆవిడ చేతికి నేనిచ్చేది మళ్ళీ ఒక గరిటే.

ఆ నాటకం రాతప్రతి మా ఆఫీసు బీరువాలోనే ఉంది, తీసి చదువుకోవచ్చుగా అంటారు. అది పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో మిగిలింది తినడంలాంటిది. అలా తినడం నాకు బాగా అలవాటే. ఈ ఒక్కటైనా కూర్చుని తినాలనిపించింది.

మా నాటకశాలలో మైకుల్లేని రోజుల నాటి ఆచారం ఒకటుంది. ప్రదర్శనకి ముందురోజు నటులు వేదిక మీద నిలబడి, ఎంత తక్కువ గొంతుతో మాట్లాడగలరో అంత తక్కువగా మాట్లాడతారు. మేడమీద ఆఖరి వరుసలో మూల కుర్చీలో ఒకరు కూర్చుని, వినబడితే చెయ్యెత్తాలి. దాన్ని వినేవాళ్ళ కుర్చీ అంటారు. ప్రదర్శన రోజు కూడా దానికి టికెట్ అమ్మరు. ఇంకో పట్టింపు కూడా ఉంది. నాటకంలోని మాట ముందురోజు ఆ వేదిక మీద పలికితే పాతబడిపోతుందని నమ్మకం. అందుకని సొంత మాటలేవో చెబుతారు. "టీలో పంచదార వెయ్యలేదు." "మా కోడలు నాతో మాట్లాడి వారమైంది." నాకు ముందు ఒక పెద్దాయన వినేవారు. ఆయన రిటైరయ్యాక అందరూ నావైపు చూశారు. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ కదమ్మా" అన్నారు మేనేజరుగారు. నా ఉద్యోగంలో ఎక్కడా లేని పని అది. అయినా ఆ మూల కుర్చీ అంటే నాకిష్టం. ఆ ఖాళీ హాల్లో, ఎర్రటి కుర్చీల మీద తేలుతూ ఒక మనిషి మాట నన్ను వెతుక్కుంటూ రావడం ఇష్టం. ఇంట్లో నా మాట చెవిటివాడి ముందు ఊదిన శంఖమే. టీవీ తగ్గించమని చెప్పడానికి కూడా టీవీ కంటే గట్టిగా అరవాలి.

వందేళ్ళ ఉత్సవం పనంతా నా నెత్తినే పడింది. చిరిగిన కుర్చీలకి కొత్త గుడ్డ, వరండాలో పాత వేషాల ప్రదర్శన, పువ్వులు, ఫ్యాన్లు, పిలుపులు, అలిగినవాళ్ళని మళ్ళీ పిలవడం. సమావేశంలో మేనేజరుగారు అందరికీ నన్ను చూపించి, "మా మేడమ్ ఇల్లు సర్దినట్టు సర్దేసింది" అన్నారు. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పక్కకి పిలిచి, "ముందు వరుసలు నిండిపోయాయమ్మా. పైన ఆ మూల కుర్చీ మా బావమరిదికిచ్చెయ్యండి. మీకెందుకు, మీరు కూర్చునేదెప్పుడు?" అన్నారు. "సరే సార్" అన్నాను. సరే అనే మాట నా నోటికి గొళ్ళెంలాగా దానంతటదే పడిపోతుంది.

శుక్రవారం ఆచారం ప్రకారం పైకెళ్ళి కూర్చున్నాను. పడవ నాటకంలో ఆవిడ వేషం వేసేది మేమంతా రాణిగారు అని పిలిచే నటి. వయసు మీద పడింది, మోకాళ్ళు సహకరించడం లేదు, ఇదే ఆఖరుసారని అంటున్నారు. మైకులొచ్చి ఇన్నేళ్ళయినా పడవ సీనుకి మాత్రం మైకు పెట్టుకోనంటారు. ఆవిడ వేదిక మీదికొచ్చి, ఊపిరంత గొంతుతో, "ఇవాళ నీ మొహం ఏం బాగాలేదు" అన్నారు. చెయ్యెత్తాను. వెంటనే ఆవిడ, "అయితే నువ్విలా రా. నేనక్కడ కూర్చుంటా" అన్నారు.

వద్దంటున్నా వినకుండా మెట్లెక్కి వచ్చేశారు. నేను కిందికి దిగి వేదికెక్కాను. ఏళ్ళ తరబడి ఆ వేదికని ఊడ్పించాను, పువ్వులతో అలంకరించాను. కానీ దానిమీద నిలబడి హాలువైపు ఎప్పుడూ చూడలేదు. కుర్చీలన్నీ నాకేసి తిరిగి ఉన్నాయి. వాటి మీద వాలిన వెలుగులో దుమ్ము నిదానంగా తిరుగుతోంది.

"ఏమనమంటారు?" అన్నాను. పైన చెయ్యి లేవలేదు. "రేపు పువ్వులు పొద్దున్నే వస్తాయి" అన్నాను. లేవలేదు.

"నీ మాటలు సగం దూరమొచ్చి ఆగిపోతున్నాయే అమ్మాయీ" అన్నారు రాణిగారు అక్కడి నుంచి. "ఎవరైనా అడ్డొస్తారని ముందే ఆపేస్తున్నావు. ఇక్కడెవరూ లేరు. చివరిదాకా అను."

గొంతు పెంచలేదు. "నాకు రెండో సగం చూడాలనుంది" అన్నాను, చివరిదాకా.

మేడమీద చీకట్లో తెల్లటి చెయ్యి ఒకటి లేచింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుగా కూడా అనిపించింది, ఇంత చిన్న మాటకా అని.

శనివారం తెల్లవారకముందే లేచి వంటంతా చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి వచ్చాను. ఇక కావలసింది వడ్డించే చెయ్యి ఒక్కటే. ఉత్సవం మొదలైంది. నేను వేదిక పక్కన జ్ఞాపికల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. పెద్దలు ఒకరికొకరు ఇచ్చుకున్నారు, ఒకరినొకరు పొగుడుకున్నారు. నాటకశాలని తన కన్నబిడ్డలా చూసుకున్నానన్నారు మేనేజరుగారు. కన్నబిడ్డ ఒళ్ళు తుడిచేది, అన్నం పెట్టేది ఎవరో ఆయనకెప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు. తర్వాత నాటకం మొదలైంది. పక్క నుంచి చూస్తుంటే అంతా అడ్డంగా, ఇరుకుగా కనిపిస్తోంది. పడవవాడు "ఏ ఒడ్డుకమ్మా?" అన్నాడు. విరామం గంట కొట్టారు.

నా చెయ్యి బ్యాగు మీదికి వెళ్ళింది. ఫోను మోగింది. "బయల్దేరావా? అక్కావాళ్ళు వచ్చేశారు" అన్నారు మా ఆయన. వెనకాల టీవీ, దానిమీదుగా అత్తగారి గొంతు, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"లేదండీ. నాటకం చూసే వస్తాను. అన్నీ మూతల కింద ఉన్నాయి. వడ్డించుకోండి."

"ఏంటీ? వినపళ్ళేదు."

నేను గొంతు పెంచలేదు. అదే మాట, అంతే గొంతుతో, చివరిదాకా అన్నాను.

మా ఆయన నవ్వి, "జోకా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఫోను బ్యాగులో పడేసి మేడమెట్లెక్కాను. మూల కుర్చీ మీద ఎవరిదో కండువా ఉంది. దాన్ని మడతపెట్టి పిట్టగోడ మీద ఉంచి, కూర్చున్నాను. బావమరిదిగారు రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో వచ్చి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ఆయన వెనకే మేనేజరుగారు.

"అమ్మా, ఇంకా వెళ్ళలేదా మీరు? ఇది మావాడి..."

"ఇది వినేవాళ్ళ కుర్చీ సార్. ఇప్పుడు మైకు లేని సీను."

ఆయన ఇంకేదో అనబోయారు. గంట మోగింది. మా ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి ఆయన్ని ఉష్ అన్నారు. దీపాలు తగ్గాయి. బావమరిదిగారు గోడకానుకుని టీ తాగుతూ ఉండిపోయారు.

తెర లేచింది. నీలపు వెలుగులో అదే పడవ. ఇన్నేళ్ళూ ఆవిడ దాంట్లోనే నాకోసం కూర్చుని ఉన్నట్టుంది. తాళ్ళు కిర్రుమన్నాయి, పడవ కొద్దిగా ఊగింది, నా కాళ్ళ కింద నేల కూడా ఊగింది. ఒళ్ళో బ్యాగులో ఫోను ఆగకుండా వణుకుతోంది.

"ఏ ఒడ్డుకమ్మా?" అని మళ్ళీ అడిగాడు పడవవాడు.

ఆవిడ నీళ్ళలో చెయ్యి ముంచి, ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత ఊపిరంత గొంతుతో, "ఏ ఒడ్డుకీ వద్దు నాయనా. కాసేపిలా పోనీ" అంది.

ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదు. ఎర్రటి కుర్చీలన్నీ దాటుకుని అది ఆఖరి వరుస మూల దాకా వచ్చింది. ఆ చీకట్లో కింద ఎవరికీ కనబడదని తెలిసీ నేను చెయ్యెత్తాను. చాలాసేపు దించలేదు.