ఇరవై ఒకటో కుర్చీ

ముందు ఆకును ఎత్తారు. మనుషుల్ని తర్వాత ఎత్తారు.

కొండమలుపులో లారీ ఒరిగిపోయింది. అందులో టీలా కాచుకు తాగే మాతే ఆకు మూటలు, ఒక్కోటి వంద కిలోల దాకా ఉంటుంది. ఆ మూటల మీద, రోజూలాగే, ఆకు కోసిన ఇరవై మంది కూర్చున్నారు. ముందు మనుషులు పడ్డారు, వాళ్ళ మీద మూటలు పడ్డాయి. కోసిన ఆకు మర్నాటికల్లా ఆరబెట్టే కొట్టానికి చేరకపోతే నల్లబడిపోతుందని కాంట్రాక్టర్ క్లెయిన్‌కు మహా కంగారు. అతను పంపిన రెండో లారీని డ్రైవర్ అన్సెల్మో గంటలోపే తెచ్చి, ఒక్క ఆకు పోకుండా ఎక్కించుకుపోయాడు. అంబులెన్సుకు రెండున్నర గంటలు పట్టింది. అప్పటికి ఎర్రమట్టి రోడ్డు పక్కన ఆరుగురిని వరసగా పడుకోబెట్టి, ఆకు మూటగట్టే గోనెపట్టాలే వాళ్ళ మీద కప్పారు.

శాసనసభ్యురాలు ఎదెల్మిరా రాజధాని నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మూడో పట్టా ఎత్తి చూసి అక్కడే కూలబడింది. అది సులేమా. పందొమ్మిదేళ్ళ పిల్ల. బాప్తిస్మంలో ఆ పిల్లను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఎదెల్మిరాయే.

ఎదెల్మిరా పుట్టిందే కోత గుడారంలో. తొమ్మిదో ఏట ఆకు కొమ్మ విరవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళు విరిచింది. కోత కూలీల సంఘం పెట్టి రెండుసార్లు జైలు చూసింది. ఆ పేరు చూసుకునే, ఎన్నికలప్పుడు డాక్టర్ ఒల్మేదో ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. రోగం కుదిర్చే డాక్టరు కాదు, లాయరు. మా దగ్గర లాయర్లనూ డాక్టరనే పిలవాలి. తన పార్టీ టికెట్టు ఇచ్చాడు. సులేమా పేటపేటా తిరిగి, "అది మా ఎదెల్మిరమ్మ కుర్చీ కాదర్రా, మనందరి కుర్చీ!" అని గొంతు పోయేదాకా అరిచింది. ఎదెల్మిరా గెలిచింది. ఆమె తెచ్చిన బిల్లు ఒక్క పేజీ: మనుషులు సీట్లున్న బస్సులో వెళ్ళాలి, ఆకు లారీలో వెళ్ళాలి. అంతే. ఆ ఒక్క పేజీ రెండేళ్ళు కమిటీ సొరుగులో నిద్రపోయింది.

ఆరుగురినీ పాతిపెట్టిన సాయంత్రం ఫుట్‌బాల్ మైదానంలో అందరూ చేరారు. రేపు పొద్దున్నే లారీలు వస్తాయని, ఎక్కనివాడికి మళ్ళీ పని ఉండదని క్లెయిన్ కబురు పెట్టాడు.

"చట్టం తెస్తానన్నావు. ఏదమ్మా చట్టం?" అన్నాడు ముసలి కస్టోడియో.

"చచ్చిపోయింది మామా. రెండేళ్ళలో ఓటుకు రాని బిల్లు చచ్చినట్టే. డిసెంబరులో, గడువు ఆఖరి రోజున సభకు వచ్చింది. కోరం చాల్లేదు."

"అంటే ఏంటది? మాకర్థమయ్యేలా చెప్పు."

"సభలో నలభై కుర్చీలు. ఇరవై ఒక్కరు కూర్చుంటేనే సభ జరిగినట్టు. నిలబడ్డవాళ్ళు లెక్కలోకి రారు. బిల్లు వద్దనుకున్నవాళ్ళు వద్దనరు, తెర వెనక నిలబడి కాఫీ తాగుతారు."

సులేమా తల్లి నికనోరా అప్పటిదాకా నేల చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తలెత్తింది.

"ఎంతమంది తక్కువయ్యారు, ఒదినా?"

"ఒక్కరు."

"ఎవరా ఒక్కరు?"

తప్పించుకోవడానికి, ఆ రోజు కూర్చోని మిగతా పంతొమ్మిది పేర్లున్నాయి. ఏది చెప్పినా అబద్ధం కాదు.

"నేనే. తెర వెనకే ఉన్నాను. నా చేతిలోనూ కాఫీ ఉంది."

మైదానం విరుచుకుపడింది.

"ఆ క్లెయిన్ ఎంతకి కొన్నాడే నిన్ను?"

"కొనలేదు. కొన్నా ఇంత సిగ్గుండేది కాదు. 'ఇవాళ మనవాళ్ళెవరూ కూర్చోవద్దు, మార్చిలో మళ్ళీ నేనే తెస్తా' అన్నాడు ఒల్మేదో. నమ్మాను. నా ఒక్కదానితో ఏమవుతుందిలే అనుకున్నాను. గంట కొట్టాక లెక్క చదివారు. ఇరవై."

నికనోరా ఏడవలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళిపోయింది. ఆ వీపు చూస్తుంటే ఎదెల్మిరా గుండె చెరువైంది. తిట్టినా బాగుండేదనుకుంది.

"తన్ని తరమండి దీన్ని!" అని ఎవరో అరిచారు.

"తరుముదువుగాని ఆగు," అన్నాడు కస్టోడియో. "రేపు లారీ వస్తుంది. నేనొక్కణ్ణి ఎక్కకపోతే ఏమవుతుందిలే అని నువ్వూ ఎక్కుతావు, నేనూ ఎక్కుతాను. నిన్నటిదాకా చేసిందదే కదరా!"

"ఎక్కకపోతే పిల్లల నోట్లో ఏం పెట్టను, మట్టా?" అంది ఒక బాలింత.

"ఎక్కి ఏం పెట్టాం? ఆరుగుర్ని మట్టిలో పెట్టాం," అన్నాడు కస్టోడియో.

వాదన చీకటి పడేదాకా సాగింది. లారీ ఎక్కకుండా రోడ్డు మీదే కూర్చోవాలని తేలిందనుకున్నాక కూడా సగంమంది నేల చూపులు చూస్తూనే వెళ్ళారు.

తెల్లవారింది. మంచు విడుతుంటే రోడ్డు కనిపించింది. దానికి అడ్డంగా గోనెపట్టాలు పరుచుకుని జనం కూర్చున్నారు. రాత్రి నేల చూసినవాళ్ళూ ఉన్నారు, బాలింతా ఉంది. ఎదెల్మిరా వచ్చి అంచున నిలబడింది. మధ్యకు వెళ్ళే ముఖం ఆమెకు లేదు.

నికనోరా ఒళ్ళోని పట్టా విప్పి పక్కన పరిచింది. అది సులేమా మీద కప్పింది. మరక ఇంకా పోలేదు.

"క్షమించాననుకోకు. చచ్చేదాకా క్షమించను," అంది. "కూర్చో. ఇవాళైనా కూర్చో."

ఎదెల్మిరా కూర్చుంది. ఏడుస్తూనే కూర్చుంది.

కొండమీద తోటల్లో వేరే కూలీలు ముందురోజు కోసిన ఆకుతో అన్సెల్మో లారీ వచ్చి ఆగింది. దాని వెనకే పోలీసులు దిగారు.

"మేడమ్, సభ్యుల్ని ముట్టుకునే హక్కు మాకు లేదు. మీరు పక్కకి జరిగితే మిగతావాళ్ళ సంగతి చూసుకుంటాం," అన్నాడు అధికారి, మర్యాదగానే.

"రాత్రే రాజీనామా పంపాను. ఇప్పుడు ముట్టుకో."

లాఠీలు లేచాయి. కస్టోడియో తల పగిలింది. ఎదెల్మిరాను నలుగురు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎత్తి వ్యానులో పడేశారు. ఆమె లేవలేదు. ముప్పైమందిని పట్టుకుపోయారు, మిగతావాళ్ళు రోడ్డు మీంచి కదల్లేదు. వ్యాను కిటికీ ఊచల్లోంచి ఆమెకు కనిపించింది ఖాళీగా పడి ఉన్న ఆ పట్టా ఒక్కటే.

లారీ తలుపు తెరుచుకుంది. అన్సెల్మో దిగి, తాళంచెవి దూరంగా పొదల్లోకి విసిరాడు. నికనోరా ఎదుటికొచ్చి టోపీ తీశాడు.

"ఆ రోజు ఆకు ఎత్తింది నేనేనక్కా. నీ పిల్ల మూలుగు విన్నాను."

నికనోరా పక్కన ఖాళీగా ఉన్న సులేమా పట్టా మడత చేత్తో సరిచేసింది. కొంచెం పక్కకు జరిగింది.

అతను కూర్చున్నాడు. వాళ్ళ వెనక లారీలో ఆకు నల్లబడడం మొదలుపెట్టింది.