నీలి గుడ్డు, సగం షట్టర్

రాజం అంటే నాకు పడదు. ఇది దాచుకునే సంగతేమీ కాదు, మా ఆఫీసులో అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరికీ తెలుసు. సిద్దిపేటకు వచ్చినప్పటి నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటున్నాం. అతను సీనియర్ అసిస్టెంటు, నేను జూనియర్ అసిస్టెంటును. గదికి ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను పొద్దున రాగానే తనవైపు తిప్పుకుంటాడు. నేను లేచి నావైపు తిప్పుతాను. మాకు రోజు అట్లా మొదలవుతుంది.

ఈ పగ కంప్యూటర్ ఆటలోకి కూడా పాకిందంటే తప్పు తహూరాది. పాత బస్టాండు దగ్గర వాళ్ళ నాన్న జలాల్ భాయ్ నెట్ సెంటర్ పెడితే, దాన్ని నడిపేది తహూరానే. ఆన్‌లైన్ ఎంట్రీల కోసం ఆఫీసు వాళ్ళం అక్కడికే పోయేవాళ్ళం. ఎక్కడో విదేశంలో ఏదో పెద్ద కంపెనీ ఆటను ఇష్టపడే పిల్లలు, దాని మీది ప్రేమతో సొంతంగా ఒక చిన్న ఆట తయారుచేసి ఊరికే ఆడుకొమ్మని పెట్టారట. బొమ్మలు వంకరటింకర, అక్షరాల్లో తప్పులు. అయినా ఎంత ముద్దుగా ఉండేదో. ప్రతివాళ్ళకూ ఒక చేను, ఒక కొట్టం. చేలో మేత పండించాలి, గుడ్లు పొదిగించాలి, పుట్టిన వింతవింత జీవాలకు పేర్లు పెట్టి పెంచుకోవాలి. తహూరా నాకూ నేర్పింది, రాజానికీ నేర్పింది. మమ్మల్ని పక్కచేల వాళ్ళుగా కూడా కలిపింది. ఒకసారి కలిపితే విడదీసే ఏర్పాటు ఆ ఆటలో లేదు. ఊళ్ళోనైనా అంతే కదా, పక్కచేను వాడు ఎంత వెధవైనా గట్టును ఎత్తుకుపోలేం.

ఆటలో ఒక పాడు నియమం ఉంది. గుడ్డు పగలగానే లోపలి జీవాన్ని ముందు ఎవరు నిమిరితే దాని మీద హక్కు వాళ్ళదే. గుడ్డు పొదిగించిన వాళ్ళు కావచ్చు, పక్కచేను వాళ్ళు కావచ్చు. గంటలోపు ఎవరూ నిమరకపోతే అది అడవికి వెళ్ళిపోతుంది, ఇక రాదు. వేసవిలో నా మొదటి గుడ్డు పగిలిన రోజు నేను మిరుదొడ్డిలో పెళ్ళిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి చుక్కల దూడ, కుందేలు చెవులది, రాజం కొట్టంలో ఉంది. దానికి అతను పెట్టిన పేరు అనసూర్య.

నా పేరు. మర్నాడు ఆఫీసులో అందరి ముందు, "అనసూర్యకు ఇయ్యాల ఇంత మేత ఏసిన, తినుకుంట మూతి తిప్పుతున్నది" అన్నాడు. అటెండరు దుబ్బయ్య కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, చచ్చినా రాజం చేను గట్టు తొక్కనని. బయట అతని ఇంటి గడప తొక్కనని ఎప్పుడో పెట్టుకున్న ఒట్టే, దాన్ని ఆటకు కూడా పొడిగించాను. పగ ఉన్నవాళ్ళ వాకిట్లోకి తొంగి చూసే అలవాటు మా వంశంలో లేదు. నా చేను నేను చూసుకున్నాను, అటువైపు కన్నెత్తలేదు.

తరువాత నాకు నీలి గుడ్డు దొరికింది. వెయ్యిమందిలో ఒకరికి దొరుకుతుందట. ముప్పై రోజులు పొదగాలి, రోజూ ఒకసారి తిప్పాలి. అందులోంచి ఏమి పుడుతుందో తహూరా కూడా చూడలేదు. అది దొరికిన ఐదో రోజున సకల జనుల సమ్మె మొదలైంది.

సమ్మె అంటే మాకు సెలవు కాదు. రోజూ బస్టాండు దగ్గర టెంటులో కూర్చోవాలి, నినాదాలివ్వాలి, రాస్తా మీద వంట చేసుకుని తినాలి. నేను అన్నీ చేశాను. తెలంగాణ రావాలని నాకూ కడుపులోంచే ఉంది, అది వేరే సంగతి. కాని టెంటు ఇన్‌చార్జి ఎవరనుకున్నారు? రాజం. మైకు అతని చేతిలో, రిలే నిరాహార దీక్షల లిస్టు అతని జేబులో. నేను మాత్రం రోజూ మధ్యాహ్నం తహూరా దగ్గరికి పోయి గుడ్డు తిప్పి వచ్చేదాన్ని. ముప్పయ్యో రోజు రెండు గంటలకు పగులుతుందని తెర మీద లెక్క కనబడుతూనే ఉండేది.

సరిగ్గా ఆ రోజునే నా దీక్ష పడింది.

"ఆ దినం ఆడోళ్ళ వంతు మేడం, ఐదుగురు కూసుంటున్నరు" అన్నాడు రాజం.

"నాకు రెండు గంటలకు పనుంది. వేరే దినం ఏసుకోండ్రి."

"తెలంగాణ కన్న ఎక్కువ పనా?" అన్నాడు, మైకులో కాకపోయినా పక్కవాళ్ళకు వినబడేట్టు. సరేననక తప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. గుడ్డు సంగతి తెలిసే వేశాడని నాకు అప్పుడే అర్థమైంది.

నేనూ తక్కువ తినలేదు. తహూరాకు నా పాస్‌వర్డు ఇచ్చాను. ఆ రోజు బంద్ కూడా. కాని సిద్దిపేటలో బంద్ అంటే ఎట్లా ఉంటుందో తెలిసిందే కదా, షట్టర్ సగం దించి ఉంటుంది, లోపల పని నడుస్తుంటుంది. వంగి పోయేవాళ్ళు పోతుంటారు, చూసేవాళ్ళు చూడనట్టుంటారు. "సగం షట్టర్ ఏసుకొని రెండింటికి పది నిమిషాల ముందే కూసుంట మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అంది తహూరా.

పది గంటలకు ఐదుగురికీ మెడలో దండలు వేశారు. దండ పడ్డాక సాయంత్రం నిమ్మరసం తాగేదాకా లేవకూడదు. లేస్తే దీక్ష భంగం, ఊరంతా నవ్వుతుంది. టెంటుకు ఎదురుగానే, రోడ్డుకు అవతల, జలాల్ భాయ్ నెట్ సెంటర్. సగం దించిన షట్టర్ కింద నుంచి తహూరా చెప్పులు కనబడుతున్నాయి. పన్నెండయింది, ఒంటిగంటయింది. ఆకలి ఒకవైపు, గుడ్డు ఒకవైపు. పక్కనున్న ప్రమీలాదేవి ఏదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

రెండింటికి పావుగంట ఉందనగా రాజం కుర్చీలోంచి లేచాడు. చేతి గడియారం చూసుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రోడ్డు దాటాడు. షట్టర్ కింద వంగి లోపలికి దూరాడు.

లోపల నాలుగు కంప్యూటర్లున్నాయి. తహూరా ఒకదాని ముందు, వీడు ఇంకోదాని ముందు. తహూరా మంచిదే, కాని ఆమెకు ఒకచోట చూపు నిలవదు, నాన్న పిలిస్తే అటు తిరుగుతుంది. వీడిది గద్ద చూపు, తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. రేపు ఆఫీసులో నా నీలి గుడ్డులోంచి పుట్టినదానికి కూడా ఏదో పేరు పెట్టి అందరినీ నవ్విస్తాడు. ఇక నావల్ల కాలేదు.

మైకు నా పక్కనే ఉంది. తీసుకున్నాను.

షట్టర్ దిగితే తహూరా కూడా బయటికి రావలసిందే, గుడ్డు ఎవరికీ దక్కదు. ఆ సంగతి మైకు పట్టుకున్నప్పుడు నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకుంటే అబద్ధం. సవతి ముండ మోయాలని మొగుణ్ణి చంపుకున్నట్టు, తెలిసే చేశాను.

"అన్నలారా! బంద్ గరీబోళ్ళకేనా? గా ఎదురుంగ నెట్ సెంటర్ల సగం షట్టర్ ఏసి దందా నడుస్తున్నది! మన ఇన్‌చార్జే వంగి లోపటికి పోయిండు, కండ్ల చూడుండ్రి! జై తెలంగాణ!"

టెంటంతా ఒక్కసారి లేచింది. ఇరవై మంది రోడ్డు దాటారు. బంద్, బంద్ అంటూ షట్టర్ మీద గుద్దారు. ముందు తహూరా వచ్చింది, తరువాత జలాల్ భాయ్, అందరికంటే వెనక రాజం, చేతిలో మడతపెట్టిన కాగితంతో. షట్టర్ ధడాలున కిందికి దిగింది, తాళం పడింది. అప్పుడు టైము ఒకటీ యాభై ఎనిమిది. రెండు నిమిషాల తరువాత మూసిన ఆ షట్టర్ వెనక నా గుడ్డు పగిలి ఉంటుంది.

రాజం నేరుగా నా ముందుకు వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఏంది మేడం గిట్ల జేస్తిరి? ప్రెస్ నోట్ పంపనీకి పోయిన. మూడింటి లోపల మెయిల్ పోవాలె, లేకుంటె పేపర్ల రాదు. మీ ఐదుగురి పేర్లే ఉండె అండ్ల."

"నాకు కథలు చెప్పకుండ్రి. రెండు గంటలకు నా గుడ్డు పలుగుతదని మీకు తెల్వదా?"

"గుడ్డేంది?"

"నీలి గుడ్డు! ఆటల!"

అతను నా వైపు చూశాడు. నటిస్తున్నాడేమోనని నేనూ కన్ను ఆర్పకుండా చూశాను. నటన అయితే నాకు తెలిసిపోయేది. మెల్లగా గుర్తొచ్చినట్టు తలాడించాడు.

"ఓ, గా ఆటనా... గది ఇడిశిపెట్టి ఇరవై దినాలాయె మేడం. సమ్మెల బువ్వ తిననీకే టైం దొరుకుత లేదు." మళ్ళీ అతనే అడిగాడు, "మీరు ఇంక ఆడుతున్నరా?"

నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే దండ తీసి వాడి ముఖాన కొట్టేదాన్ని, దీక్ష భంగమైతే అయ్యేది. నవ్వలేదు. జ్వరంతో ఉన్న మనిషిని అడిగినట్టు అడిగాడు. తొమ్మిదేళ్ళలో అతను నన్ను అంత ఘోరంగా ఎప్పుడూ అవమానించలేదు.

ఐదింటికి నిమ్మరసం ఇచ్చింది కూడా అతనే, ఇన్‌చార్జి కాబట్టి. అతని చేతి గ్లాసు అందుకోక తప్పలేదు. ఫొటో తీసేవాళ్ళు కూడా లేరు. మర్నాడు ఏ పేపరులోనూ మా దీక్ష రాలేదు. ఆకలితో కూర్చున్నందుకు పేరైనా రాలేదని ప్రమీలాదేవి వారం పాటు నాతో మాట్లాడలేదు.

మర్నాడు నెట్ సెంటర్‌కు పోతే తహూరా కూడా తల ఎత్తలేదు.

"నా చెయ్యి మౌస్ మీదనే ఉండె మేడం. సార్ దూరంగ కూసొని మెయిల్ టైపు చేసుకుంటుండె. ఒక్క నిమిషం ఆగకపోతిరి?"

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గూడు ఖాళీగా ఉంది. నీలి గుడ్డు పగిలింది, ఎవరూ రాలేదు, అడవికి వెళ్ళింది అని మూడు ముక్కలు రాసి ఉన్నాయి. ఎట్లా ఉండేదో బొమ్మ కూడా చూపించలేదు. ఏడుపు వచ్చింది. నలభై ఏళ్ళదాన్ని, నెట్ సెంటర్‌లో కూర్చుని ఏడ్చాను.

ఏడుపు తగ్గాక, వాడు చెప్పింది అబద్ధమై ఉండాలని ఎంతో ఆశతో, ఒట్టు తీసి గట్టున పెట్టి రాజం చేలోకి అడుగుపెట్టాను.

చేను మొత్తం ఎండిపోయి ఉంది. చివరిసారి వచ్చిన తేదీ చూశాను, ఇరవై రెండు రోజుల క్రితంది. ఒక్కసారి ఈ గట్టెక్కి చూసి ఉంటే నిన్న మైకు ముట్టుకునేదాన్నే కాదు. ఇన్నాళ్ళూ నేను పళ్ళు నూరుకుంటూ కాపలా కాసింది ఎవరూ లేని చేనుకు. కనీసం పగ పట్టే తీరిక కూడా లేదు ఆ మనిషికి.

కొట్టంలో చుక్కల దూడ చెవులు వాల్చి నిలబడి ఉంది. నెత్తి మీద రాసి ఉంది: అనసూర్య, ఆకలితో ఉంది.

పక్కచేను వాళ్ళు మేత వేయవచ్చు, తోలుకుపోవడానికి మాత్రం లేదు. వేసినా అది అతని దూడే. వేయకపోతే ఇంకో నాలుగైదు రోజుల్లో అది కూడా అడవి పాలు.

నా చేలోంచి ఒక మోపు కోసి వేశాను. చెవులు కొంచెం లేచాయి.

సమ్మె ముగిసింది, ఆఫీసులు తెరిచారు. రాజం మళ్ళీ ఫ్యాను తనవైపు తిప్పుకుంటున్నాడు, నేను నావైపు తిప్పుతున్నాను. అతను ఆ ఆట ముఖం మళ్ళీ చూడలేదు. నేను రోజూ సాయంత్రం తహూరా దగ్గరికి పోయి, అతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, అతని కొట్టంలో అనసూర్యకు మేత వేసి వస్తున్నాను.