మే పదకొండు రీడింగు

సుబ్బరాయుడికి ఈ లోకంలో ఉన్నది ఒక్క స్నేహమే. ఆ మనిషి మగో ఆడో కూడా అతనికి తెలియదు. పదకొండేళ్ళుగా స్వీడన్ నుంచి వచ్చే ఫ్యాక్సుల కింద ‘ఇ.ఎల్.’ అన్న రెండక్షరాలే ఉండేవి. అడిగితే చెప్పేవారే. ఒకరి సంగతులు అడగడం సుబ్బరాయుడికి చేతకాదు, అదే అతనికొచ్చిన తంటా.

అతని ఉద్యోగం భూమి వణుకును చదవడం. బెంగళూరు బయట కొండల మధ్య పాతిపెట్టిన యంత్రాలు గీసే గీతలు, చుట్టలు చుట్టలుగా ఆఫీసులో అతని బల్ల మీదికి వచ్చేవి. ప్రపంచంలో ఎక్కడ భూమి గట్టిగా కదిలినా గీత ఉలిక్కిపడేది. అది భూకంపమా, లేక ఎవరైనా పాతాళంలో అణుబాంబు పేల్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారా అన్నది తేల్చాలి. భూకంపమైతే గీత కొన్ని దేశాల్లో మొదట పైకి లేస్తుంది, కొన్నిట్లో కిందికి దిగుతుంది. బాంబు నాలుగు వైపులా ఒకేలా తోస్తుంది గనక అన్నిచోట్లా పైకే లేస్తుంది. అందుకని ఒక దేశం చదివితే చాలదు, పది దేశాలవాళ్ళు తమ గీతలు పక్కపక్కన పెట్టుకోవాలి. అణుపరీక్షలు మానుకుందామని ప్రభుత్వాలు జెనీవాలో ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాయి. దొంగచాటుగా పేలిస్తే పట్టుకోగలమా అని అక్కడ ప్రశ్న వస్తే, పట్టుకోగలమని తేల్చింది ఇలా గీతలు చూసి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళే. పేపర్లో ఫొటోలు మాత్రం కోట్లు తొడుక్కున్న పెద్దలవి.

గీతలు కలవనప్పుడల్లా ఇ.ఎల్. అడిగేవారు: ‘మీ దగ్గర పైకా, కిందికా?’ సుబ్బరాయుడు భూతద్దం పెట్టి చూసి, పైకి అనో కిందికి అనో రాసేవాడు. స్పష్టంగా లేకపోతే తెలియడం లేదని రాసేవాడు. ఊహించి రాయకూడదన్నది ఆ పనిలో ఉన్నవాళ్ళందరి కట్టుబాటు. పోనుపోను ఫ్యాక్సు చివర ఒకటి రెండు మాటలు చేరాయి. అక్కడ మంచు పడుతోందట, ఇక్కడ మామిడికాయలు వచ్చాయి. భార్య అనసూయ పోయినప్పుడు తొమ్మిది రోజులు రీడింగులు పంపలేదు. పదో రోజు కారణం రాస్తే వెంటనే జవాబొచ్చింది: ‘మా పటంలో ఒక మూల ఖాళీగా ఉంది. మీరు అన్నం తింటున్నారా?’ దహనానికి వచ్చిన బంధువులు నలభై మంది ఉన్నారు. ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కాగితం పట్టుకుని సుబ్బరాయుడు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాడు.

తొంభై ఆరులో అణుపరీక్షల నిషేధ ఒప్పందం తయారైంది, మన దేశం సంతకం పెట్టలేదు. బాంబులున్న దేశాలు తమవి ఎప్పటికి పారేస్తాయో చెప్పవు గాని మమ్మల్ని మాత్రం చేతులు కట్టుకోమంటాయా అన్నది మన ప్రభుత్వం. అందులో న్యాయం లేకపోలేదు. ఆఫీసులో మాత్రం కొత్త ఉత్తర్వు వచ్చింది. భూకంపాల రీడింగులు పంపుకోవచ్చు, కానీ దేశం దాటే ప్రతి కాగితం మీదా అధికారి గోపాలప్ప సంతకం ఉండాలి. ఆ దెబ్బతో మంచూ మామిడికాయలూ ఆగిపోయాయి.

తొంభై ఎనిమిది మే పదకొండున, మధ్యాహ్నం మూడు గంటల నలభై ఏడు నిమిషాలకు గీత ఒక్కసారి పైకి లేచింది. సుబ్బరాయుడు చూశాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వచ్చిన దిక్కు లెక్కగడితే రాజస్థాన్ తేలింది. ఇరవై ఏళ్ళు ఊరివాళ్ళ దొంగతనాలు పట్టుకున్న కాపలాదారుకి సొంతింట్లో చప్పుడు వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. గర్వపడాలో భయపడాలో తెలియలేదు. సాయంత్రం, పరీక్ష మనదేనని ప్రభుత్వ ప్రకటన వచ్చింది. యలహంకలో ఇల్లు చేరేసరికి వీధిలో టపాకాయలు.

అద్దెకిచ్చిన ఇంటావిడ కదిరమ్మ మైసూర్‌పాక్ తెచ్చిపెట్టింది. “మనోళ్ళు బాంబు పేల్చినారంటప్పా, తిను. నీకు ఆఫీసులో ముందే తెలిసి ఉంటాది గదా?”

“నాకెట్ల తెలుస్తాదమ్మా,” అన్నాడు సుబ్బరాయుడు. రహస్యాలు బయటపెట్టనని సంతకం చేసి ఉన్నాడు మరి. మైసూర్‌పాక్ ఒంటరిగా కూర్చుని తిన్నాడు, అది బాగానే ఉంది.

మర్నాడే ఫ్యాక్సు వచ్చింది. ‘అన్ని దేశాల గీతలూ వచ్చాయి. మీది రాలేదు. ఎంత ఎత్తు లేచింది? ఇ.ఎల్.’

గోపాలప్ప దాన్ని చదివి పక్కన పెట్టాడు. “దీనికి జవాబు ఇచ్చే పని లేదప్పా. సుమ్నె, ఊరికే ఉండు. వాళ్ళకీ తెలుసు మనం చెప్పమని.”

అది మంచి సలహానే. సుబ్బరాయుడు మూడు రోజులు ఉండగలిగాడు. అనసూయ పోయిన ఆ తొమ్మిది రోజులు తప్ప, పదకొండేళ్ళలో ఇ.ఎల్. అడిగినదానికి జవాబు రాయని రోజు లేదు. అవతల ఆ మనిషి ఫ్యాక్సు మిషను వైపు చూస్తూ ఉంటారన్న ఊహ అతన్ని కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. నాలుగో రోజు మళ్ళీ గోపాలప్ప ముందు నిలబడ్డాడు.

“సార్, ఆ పొద్దు యంత్రం రిపేరులో ఉండిందని ఒక్క ముక్క రాస్తాను సార్. ఏమీ రాయకుండా ఉంటే బాగుండదు.”

గోపాలప్ప పెన్ను తీశాడు. “అదీ ఒకందుకు మేలే. మర్యాదగా ఉంటాది.” సంతకం పెట్టాడు. ఫ్యాక్సు వెళ్ళిపోయాక సుబ్బరాయుడికి ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. ఈసారి పెద్ద ఉత్తరమే.

‘మే పదిన ఒక భూకంపం, పన్నెండున ఒక భూకంపం మీ యంత్రం చక్కగా నమోదు చేసింది. మీరే టైపు చేసి పంపిన రీడింగులు నా ముందున్నాయి. ఒక్క పదకొండో తేదీనే అది పాడైందా? మీరు జవాబు ఇవ్వకపోయి ఉంటే నాకు అర్థమయ్యేది. ఇన్నేళ్ళూ తెలియడం లేదని మీరు రాసినా నేను నమ్మాను. ఇకమీదట మీ రీడింగులు లెక్కలోకి ఎలా తీసుకోవాలో నాకు తెలియడం లేదు.’

సుబ్బరాయుడు దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఆ రీడింగుల జాబితా టైపు చేసింది తనే, పంపింది తనే, చివరికి అబద్ధమాడేటప్పుడు గుర్తు రానిదీ తనకే. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఒక్క మనిషి దూరమవుతారన్న భయంతో నోరు తెరిచి, ఆ మనిషినే పోగొట్టుకున్నాడు.

ఒక కాగితం మీద టైపు చేశాడు: ‘తప్పు నాది. క్షమించండి.’ తీసుకెళ్ళి గోపాలప్ప ముందు పెట్టాడు.

“దేనికప్పా క్షమాపణ?”

“ఊరికే సార్. అవతలివాళ్ళు బాధపడినట్టుండారు.”

గోపాలప్ప కళ్ళద్దాలు తీశాడు. చెడ్డవాడు కాడతను. “చూడప్పా. రిపేరని నువ్వు రాస్తివి, నేను సంతకం పెడితిని. ఇప్పుడు క్షమించు అంటే, ముందర రాసింది అబద్ధమని మనమిద్దరం ఒప్పుకున్నట్టే గదా. అది ఫైలుకెక్కుతాది. ఇంకమీద పరీక్షలు చేసేది లేదని మన సర్కారే చెప్పుకుంటుండాది, లోకమంతా మన మాట నమ్మాలని చూస్తుండారు. ఇట్లాంటప్పుడు మన చేతుల్తో మనమే ఇది పంపేదా?”

సుబ్బరాయుడు అక్కడినుంచి కదల్లేదు.

గోపాలప్ప కాగితం అతని వైపు జరిపి, గొంతు తగ్గించి అడిగాడు. “ఎవరప్పా వాళ్ళు? నీకు బాగా కావాల్సినవాళ్ళా?”

అవునంటే, ఎలా, ఎప్పటినుంచి, ఇంకేమేం రాసుకున్నారని ప్రశ్నలొస్తాయి. పాత ఫ్యాక్సులన్నీ బయటికి తీస్తారు.

“కాదు సార్,” అన్నాడు సుబ్బరాయుడు. “ఆఫీసు పని మీద రాస్తా ఉంటారు, అంతే.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని తన బల్ల దగ్గరికి వచ్చేశాడు.